నీతికి నాలుగు డబ్బాలు

బొమ్మల దుకాణంలో అబద్ధం ఆడనిది బొమ్మ ఒక్కటే. దాన్ని పెట్టిన డబ్బా మాత్రం మహా మాటకారి. లోపల ఉన్నది అరచెయ్యంత ప్లాస్టిక్ రోబో. ఒకసారి లాగితే ఫైరింజన్ అవుతుంది, ఇంకోసారి లాగితే మళ్ళీ రోబో అవుతుంది. అంత మాత్రానికే ఎన్ని బిరుదులో! ఊహాశక్తిని పెంచుతుందట, చేతివేళ్ళకు నైపుణ్యం వస్తుందట, సమస్యలు పరిష్కరించడం నేర్పుతుందట. అష్టావధానానికి కూర్చోబెట్టడం ఒక్కటే తరువాయి.

వేళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పద్దు. మూడేళ్ళ పిల్లలకు తిప్పలు ఉండకూడదని ఒక్క లాగుడుతో రూపం మారేలా తయారు చేశామని గర్వంగా చెప్పుకునేదీ కంపెనీయే, ఆ లాగుడులో మేధోవికాసం దాగుందని చెప్పేదీ కంపెనీయే. తిప్పలే లేనిచోట పరిష్కరించాల్సిన సమస్య ఎక్కడుందో మనం అడగకూడదు. అమ్మమ్మ పక్కన కూచుని పచ్చి బఠాణీకాయలు ఒలిచే పిల్ల వేళ్ళకు ఇంతకు పదింతల పని దొరుకుతుంది. పాపం, బఠాణీలకు టీవీ సీరియల్ లేదు.

ఇక ఊహాశక్తి. అసలు కేసు ఇదే.

1984కు ముందు ఈ ట్రాన్స్‌ఫార్మర్స్ రోబోలకు పేర్లు లేవు, పగలు లేవు, పుట్టిన గ్రహం లేదు. జపాన్‌లో తకారా కంపెనీ డయాక్లోన్, మైక్రో ఛేంజ్ అనే పేర్లతో అమ్ముకునే బొమ్మలివి. డయాక్లోన్‌లో అయితే రోబో అంటే వట్టి యంత్రం, దాన్ని నడిపేది లోపల కూర్చున్న బుల్లి మనిషి. అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ ఈ సరుకును తెచ్చుకుంది. బొమ్మలున్నాయి, కథే లేదు. మార్వెల్ కామిక్స్ వాళ్ళకు పని అప్పగించారు. అక్కడి బాబ్ బుడియాన్‌స్కీ ఒక్కో బొమ్మనూ ముందు పెట్టుకుని చాలావాటికి పేరు, గుణం, పగ రాసిచ్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని మనవాళ్ళు నవ్వారు. ఇక్కడ తిరకాసు వేరు: కొడుకు పుట్టి, డబ్బాలో పడి, ఓడెక్కి వచ్చేశాక సోమలింగానికి వంశచరిత్ర రాశారు. 1984లోనే కార్టూన్ టీవీకెక్కింది. ప్రతినాయకుడు మెగాట్రాన్ పిస్తోలుగా మారతాడు, దుకాణంలో బొమ్మా అలాగే మారుతుంది. పిల్లల వినోదం కదా, ఏమీ అనకండి.

కథలోంచి బొమ్మ పుడితే అది కథకు గుర్తు. బొమ్మలోంచి కథ పుడితే దానికి వ్యాపారంలో ఒకటే పేరు, ప్రకటన. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1969లో మాటెల్ వారి బుల్లి కార్ల మీద ‘హాట్ వీల్స్’ కార్టూన్ వచ్చినప్పుడు ఇంకో బొమ్మల కంపెనీయే అమెరికా ప్రసార నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. ఇది కార్యక్రమం ముసుగులో ప్రకటనేనన్న వాదనను సంస్థ కూడా కాదనలేకపోయింది. కానీ 1981లో అధ్యక్షుడు రీగన్ ఆ సంస్థకు అధిపతిగా పెట్టిన మార్క్ ఫౌలర్ దృష్టిలో టీవీ కూడా టోస్టర్ లాంటి వంటింటి సామానే, కాకపోతే బొమ్మలు కనిపిస్తాయి, అంతే. 1984లో పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న పరిమితి ఎగిరిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్స్ వచ్చిన ఏడాది కూడా అదే.

1990లో చట్టం మళ్ళీ కళ్ళు తెరిచి పిల్లల కార్యక్రమాలకు గంటకు ఇన్ని నిమిషాలే ప్రకటనలు అని గీత గీసింది: శని, ఆదివారాల్లో పదిన్నర, మామూలు రోజుల్లో పన్నెండు. మరి అరగంట కార్టూనే ప్రకటన అయితే? దానికీ నియంత్రణ సంస్థ దారి చూపింది. ఆ బొమ్మ ప్రకటనను ఆ కార్టూన్ మధ్యలో వెయ్యకపోతే చాలు, కార్టూన్ ప్రకటన కింద రాదు. ఇరవై రెండు నిమిషాలు బొమ్మనే చూపించండి, విరామంలో మాత్రం దాని పేరెత్తకండి. ఇంతటి తీర్పు మర్యాదరామన్న కూడా ఇవ్వలేడు.

ఊహాశక్తిని ఈ వ్యాపారం ఎంత భక్తితో పోషిస్తుందో చూడాలంటే 1986కు వెళ్ళాలి. ఆ ఏడాది ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా వచ్చింది. అప్పటికి రెండేళ్ళుగా పిల్లలు ప్రాణంగా చూసుకున్న నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ను సినిమా సగం కాకముందే చంపేశారు. తోటి రోబోల్లో చాలా మందిది అదే గతి. వాళ్ళు చేసిన పాపం ఏమిటి? పాత స్టాకు కావడం. కొత్త బొమ్మలకు దుకాణం అరల్లో చోటు కావాలి. అందుకని తెర మీద చావులు. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు తిట్టారు. ఆ దెబ్బకు అదే కంపెనీ ‘జి.ఐ. జో’ సినిమాలో చావాల్సిన డ్యూక్ అనే పాత్రను కోమాతో సరిపెట్టారు. ఆప్టిమస్‌ను 1987లో బతికించారు. పురాణాల్లో వరం వల్ల బతుకుతారు, ఇక్కడ గిరాకీ వల్ల. ఏడేళ్ళ పిల్లవాడికి చావంటే ఏమిటో మొదటిసారి చెప్పినవాళ్ళు అమ్మకాల విభాగం వాళ్ళు.

ఇప్పటివాళ్ళు నాజూకు మనుషులు, అంత మొరటుగా చంపరు. బుడతల కోసం కొట్లాటలు తీసేసి ‘రెస్క్యూ బాట్స్’ అని 2011 చివర్లో కొత్త కార్టూన్ మొదలుపెట్టారు. హీట్‌వేవ్ ఫైరింజన్, చేజ్ పోలీసు కారు, బ్లేడ్స్ హెలికాప్టర్, బౌల్డర్ బుల్డోజర్. ఒక చిన్న దీవిలో మనుషుల్ని కాపాడుతూ బుద్ధిగా బతుకుతుంటాయి. బొమ్మలు హాస్‌బ్రోవి, కార్టూన్ హాస్‌బ్రో స్టూడియోది, ప్రసారం చేసిన ‘ది హబ్’ చానెల్లోనూ అప్పట్లో హాస్‌బ్రోకు సగం వాటా. గుడి తనదే, పూజారి తనవాడే, హుండీ కూడా తనదే.

ఈ కార్టూన్ చెప్పే నీతి ఏమిటంటే, ఒక్కరి వల్ల ఏదీ కాదు, అందరూ కలిసి పనిచెయ్యాలి. ఎంత మంచి మాట! ఈ నీతి ఒంటబట్టిన పిల్లవాడు ఒక్క ఫైరింజన్‌తో ఎలా ఊరుకుంటాడు? పోలీసు కారు లేకుండా సహకారం కుదరదు. హెలికాప్టర్ లేకుండా ఐకమత్యం నిలవదు. ఒక్క నీతికి నాలుగు డబ్బాలు. నాలుగూ కొన్నాక అవే పాత్రలు డైనోసార్లుగా కూడా మారతాయని కార్టూన్‌లో తెలుస్తుంది. మళ్ళీ నాలుగు. మొక్కకు నీళ్ళు పోసే నీతి, పళ్ళెంలో అన్నం వదలకూడదనే నీతి రోబోల నోట ఎందుకు అంతగా వినపడవో మీరే ఆలోచించండి.

ఈ డబ్బాతో పాటు ఇంటికొచ్చేది పేరు, గొంతు, స్వభావం, శత్రువు అన్నీ ముందే నింపిన ఊహ. చీపురుపుల్లను బాణం చేసిన పిల్లవాడు ఆ బాణం సంగతులన్నీ తనే పుట్టించుకోవాలి. హీట్‌వేవ్ చేతికొచ్చినవాడు మాత్రం నిన్నటి ఎపిసోడ్‌ను అప్పజెబుతాడు. వాడు తప్పు చెబితే పక్కింటి పిల్ల దిద్దుతుంది కూడా! అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక చెప్పిందీ ఇంచుమించు మా అమ్మమ్మ మాటే: మంచి బొమ్మకు ఖరీదు అక్కర్లేదు, హంగులక్కర్లేదు, పిల్లలతో కూర్చుని ఆడే పెద్దవాళ్ళుంటే చాలు. ఆ పెద్దమనిషి ఏ దుకాణంలోనూ దొరకడు, అదొక్కటే చిక్కు.

మన ప్రభుత్వాన్ని తక్కువ చెయ్యను. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. అంచు కోస్తుందా, ముక్క ఊడి గొంతులో పడుతుందా, రంగులో సీసం ఉందా అని పరీక్షిస్తారు. ఊహాశక్తికి మాత్రం ఐఎస్ఐ గుర్తు లేదు. ఆధారం లేకుండా సరుకు వల్ల పిల్లల తెలివి పెరుగుతుందని ప్రకటించకూడదని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. బాగుంది. కానీ అవి ప్రకటనల కోసం. కార్టూన్ ప్రకటన కాదు కదా, ఇందాకే చెప్పుకున్నాం.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ప్రకటన వెనకున్న ఉద్దేశం అర్థం కాదని, చూసిందల్లా నిజమని నమ్ముతారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం నియమించిన బృందం 2004లోనే తేల్చింది. రెస్క్యూ బాట్స్ డబ్బా మీద వయసు అచ్చువేసి ఉంటుంది: 3 నుంచి 7.