రెండో డార్టు

దగ్గరికి రానివ్వని పశువుకు మందు వేయాలంటే గురి ఉంటే చాలని, పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో గట్టిగా నమ్మాను. అది ఎంత తెలివితక్కువ నమ్మకమో ఒక ఆంబోతు ప్రాణం మీదికి వచ్చాక గానీ తెలియలేదు.

మత్తు తుపాకీని 1950లలో న్యూజిలాండ్‌లోని టిమారుకు చెందిన కాలిన్ మర్డాక్ రూపొందించాడు. ఇప్పుడు మేం వాడే డార్టు సిరంజిలో రెండు గదులుంటాయి. ముందు గదిలో మందు, వెనక గదిలో ఒత్తిడితో నింపిన గాలి. సూది మొన మూసి ఉంటుంది. పక్కనున్న చిన్న రంధ్రానికి రబ్బరు తొడుగు వేస్తాం. సూది దిగగానే తొడుగు వెనక్కి జరిగి, గాలి తోపుకు మందు కండలోకి చిమ్ముతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మత్తు ఎక్కడానికి మాత్రం సమయం పడుతుంది.

మా మండలంలో దేవుడి పేరిట వదిలిన ఆంబోతు ఒకటి ఉండేది. దాని ముందుకాలి గిట్టల మధ్య పుండై పురుగులు పట్టాయి. కుంటుతూనే మనుషుల మీదికి వచ్చేది. ఊదుగొట్టంతో తొడకండలోకి జైలజిన్ అనే మత్తుమందు నింపిన డార్టు వేశాను. ఆంబోతు బెదిరి పరుగెత్తింది. వెనకాలే జనం, కేకలు.

"డాక్టరుగారూ, మందు ఎక్కినట్టు లేదండీ, ఇంకోటి వెయ్యండి" అన్నారు.

బెదిరిన పశువుకు మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. జైలజిన్ అయితే గుర్రానికిచ్చే మోతాదులో పదోవంతే ఎద్దుకు సరిపోతుంది. ఇవన్నీ చదువుకున్నవే. అయినా అంతమంది ముందు చేతకానివాడిలా నిలబడలేక రెండోది వేశాను.

రెండు మోతాదులూ కలిసి పనిచేశాయి. ఆంబోతు పక్కకు ఒరిగి పడిపోయింది. జైలజిన్ పెద్దకడుపు కదలికను ఆపేస్తుంది. పక్కకు పడి ఉన్న పశువుకు గాలి తేన్పుగా బయటికి రాదు. చూస్తుండగానే ఎడమ డొక్క ఉబ్బిపోయింది, నాలుక వేలాడింది. అందరం పట్టి దాన్ని రొమ్ము మీద కూర్చోబెట్టాం. రెండు పక్కలా వరిగడ్డి మోపులు ఆనించి, చొల్లు గొంతుకు అడ్డం పడకుండా మూతి కిందికి వంచి పట్టుకున్నాం. విరుగుడుగా యోహింబిన్ ఇచ్చాను. డొక్క తగ్గింది. మత్తు పూర్తిగా వదిలేలోపే పురుగులు ఏరి, పుండు కడిగి మందు పెట్టాం. ఆంబోతు లేచి నడిచింది. విరుగుడు సంచిలో లేకపోతే ఆ చావు నా చేతి మీదుగా జరిగేది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే చెబుతాను. విరుగుడు సిద్ధం చేసుకోకుండా డార్టు నింపకండి. మొదటిది వేశాక గడియారం చూడండి, జనాన్ని కాదు.

ఊరివాళ్లకూ ఒక విన్నపం. ఎద్దుకైనా చిరుతకైనా మత్తు డార్టు వేస్తున్నప్పుడు దూరంగా, నిశ్శబ్దంగా ఉండండి. కింద పడ్డ డార్టును ముట్టుకోకండి, అందులో మందు మిగిలి ఉండొచ్చు. ఇంకోటి వెయ్యమని డాక్టరును తొందరపెట్టకండి. ఆ కాసేపు ఆగడం కూడా వైద్యంలో భాగమే.