బారసాలనాడు నేను చెప్పిన పాఠం

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. బంధువుల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా రిపోర్టు కాగితం డాక్టరుకంటే ముందు నా చేతికే వచ్చేది. నేను డాక్టర్ని కాదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా వాళ్లు అడగడం మానలేదు, నేను చెప్పడం మానలేదు. నలుగురిలో కూర్చోబెట్టి "ఇదేంటి మాస్టారూ?" అని అడిగితే "నాకు తెలీదు" అనే మాట గొంతు దాటి రాదు నాకు. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. ఒక్కోసారి మీరే అయ్యుంటారు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

మా అక్క కూతురికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో తలసీమియా మైనర్ అని తేలింది. హిమోగ్లోబిన్‌ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడింది, రెండోది బాగుంది. కాబట్టి తనకి పెద్ద ఇబ్బందేమీ లేదు. భర్తక్కూడా అదే పరీక్ష చేయించమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఇద్దరిలోనూ ఆ లోపం ఉంటే బిడ్డకి రెండు చెడ్డ ప్రతులూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అల్లుడు ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతూ ఇవాళ రేపు అన్నాడు. ఈలోపు కాన్పయిపోయింది.

21వ రోజు బారసాల. ఇల్లంతా చుట్టాలు. అక్క ఆ చీటీ తెచ్చి "తమ్ముడూ, పిల్లాడికి కూడా చేయించాలేమోరా, ఒకసారి చూడు" అంది. నేను చీటీ అందుకుని లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పినా వినపడేది, కానీ లేచాను. ఉయ్యాల గొలుసు పట్టుకున్నాను. "జన్యువన్నాక పుట్టుకతోనే ఉంటుంది, ఉన్నది మొదటి రోజు నుంచే పని చేస్తుంది, రెండూ చెడ్డవే వచ్చుంటే ఈపాటికి వీడు పాలిపోయి ఉండేవాడు, చూడండి ఆ బుగ్గలు, దానిమ్మ గింజల్లా లేవూ, దేనికి పరీక్ష, పసివాడికి సూది గుచ్చడం తప్ప" అన్నాను. అంతటితో ఊరుకోక మెండెల్ దగ్గరికి వెళ్లాను, బఠాణీల దగ్గరికి వెళ్లాను. అందరూ తలలూపారు. మూలనున్న పెద్దాయన "చదువుకున్నవాడు ఒకడుంటే ఇంటికి ఎంత ధైర్యం" అన్నాడు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. దాన్ని గుర్తు చేసుకోవడమే అన్నిటికంటే కష్టం.

తప్పంతా "ఉన్నది మొదటి రోజు నుంచే పని చేస్తుంది" అన్న ముక్కలో ఉంది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే ఇరవై వేల చిల్లర జన్యువులు. కాలేయంలోనూ హిమోగ్లోబిన్ జన్యువు ఉంది, చర్మంలోనూ ఉంది. అక్కడ దాన్ని మూసి పెట్టారు. ఎముక మూలుగలో రక్తకణం తయారయ్యే చోట తెరిచారు. ఏది తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్నదాన్ని బట్టే కణం చర్మమో రక్తమో అవుతుంది. ఇదంతా నేను బోర్డు మీద రాసినవాణ్ణే. కానీ ఈ తెరవడం, మూయడం వయసుతో కూడా మారుతుందన్నది నేనెప్పుడూ పట్టించుకోలేదు. 11వ క్రోమోజోము మీద బీటా కుటుంబం జన్యువులు ఒక వరసలో ఉంటాయి, పిండంగా ఉన్నప్పుడు పనిచేసేది ముందు, పెద్దయ్యాక పనిచేసేది చివర. కడుపులో ఉన్న బిడ్డకి ఆ వరసలోని గామా జన్యువు పనిచేస్తుంది. దాంతో తయారైన హిమోగ్లోబిన్ తల్లి రక్తంలోంచి ఆక్సిజన్‌ని గట్టిగా లాక్కుంటుంది. పుట్టాక నెలల మీద గామా మూతపడుతుంది, బీటా అందుకుంటుంది. అంటే 21వ రోజున మావాడి బుగ్గల్లో ఉన్నది చాలావరకు గామా ఇచ్చిన ఎరుపు. బీటా వంతు ఇంకా రానే లేదు.

ఏడో నెలలో వచ్చింది. మేనకోడలు ఫోన్ చేసి "మామయ్యా, వీడు పాలు తాగట్లేదు, పొట్ట ఉబ్బినట్టుంది" అంది. వెళ్లి చూశాను. కింది కనురెప్ప లాగితే లోపల తెల్లగా ఉంది, ఉడికిన గుడ్డు తెల్లసొనలా. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పరీక్షలో తలసీమియా మేజర్ అని వచ్చింది. పిల్లల డాక్టరు ఓపిగ్గా వివరించి, పుట్టగానే తెలిసినా జబ్బు మారేది కాదనీ, ఆ చివరి రెండు మూడు నెలల నలుగుడు మాత్రం తప్పేదనీ చెప్పాడు. నన్ను ఓదార్చడానికే చెప్పాడు. ఆ రెండు మూడు నెలలూ పసివాడు పడ్డాడు, నేను కాదు.

ఆ తరవాత చదవడం మొదలుపెట్టాను. 1948లోనే జానెట్ వాట్సన్ అనే అమెరికా పిల్లల డాక్టరు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న పసికందులు మొదటి నెలల్లో ఎందుకు బాగుంటారో గమనించి, కడుపులోని హిమోగ్లోబినే వాళ్లని కాస్తోందని ఊహించింది. ఆదిలాబాద్, పాడేరు గూడేల్లో కనిపించే సికిల్ సెల్‌లోనూ చెడేది ఇదే బీటా జన్యువు. నేను ఎమ్మెస్సీ చదివి కూడా ఉయ్యాల పక్కన నిలబడి చూడలేనిది, ఆవిడ నా చదువుకి ఎన్నో ఏళ్ల ముందే చూసింది. గామాని మూసే స్విచ్ పేరు బీసీఎల్11ఏ. 2008లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం దాని పని రుజువు చేసింది. దాన్ని పూర్తిగా తీసెయ్యడానికి లేదు, మెదడుకీ కొన్ని తెల్ల రక్తకణాలకీ అది కావాలి. అయితే ఎర్రకణాల వంశంలో మాత్రమే దాన్ని నడిపే చిన్న తునక ఒకటి ఆ జన్యువులోనే ఉంది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఆ తునకని తెంపితే గామా మళ్లీ మేలుకుంటుంది. 2023 నవంబరులో బ్రిటన్ ఈ చికిత్సకి అనుమతిచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆ అంకెని రూపాయల్లోకి మార్చి చూసుకుని ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు మావాడికి నాలుగేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుము పోవడానికి రోజూ పొద్దున్నే ఒక మాత్ర నీళ్లలో కరిగించి తాగించాలి. సగం తాగి మూతి తిప్పేస్తాడు, గ్లాసు అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. ఇంకాసిని నీళ్లు పోసి కలిపి అదీ తాగించాలి. మా ఇంట్లో ఉన్నప్పుడు ఆ పని నాది.

రక్తం ఎక్కించే రోజున నేనే తీసుకెళ్తాను. వెళ్లేటప్పుడు వాడి అరచేతులు కాగితంలా ఉంటాయి. సాయంత్రానికి సీసా అయిపోవచ్చేసరికి లేచి కూర్చుని, రెండు చేతులూ నా ముందు చాపి "తాతయ్యా, ఎర్రగా అయ్యాయా?" అని అడుగుతాడు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వేలూ చూసి, అప్పుడు చెప్తాను.