ఒక్క ప్రొఫెసరు, వేల మంది శిష్యులు

ఆన్‌లైన్ కోర్సులను పొగిడేవాళ్ల దగ్గర ఒక లెక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాఠం ఒక్కసారి రికార్డు చేస్తే చాలట, వంద మంది విన్నా పది వేల మంది విన్నా ఖర్చు పెరగదట. అట్లాంటాలోని జార్జియా టెక్ 2014 జనవరిలో సుమారు 7,000 డాలర్లకే కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌ను ఆన్‌లైన్‌లో పెట్టినప్పటి నుంచి ఈ లెక్క వేదవాక్కయి కూర్చుంది. చదువు చవకైతే ఎవరికి చేదు? పాఠమైతే రికార్డవుతుంది. సందేహం రికార్డు కాదు. దాన్ని తీర్చేది గ్రాడ్యుయేట్ టీచింగ్ అసిస్టెంటు, పొట్టిగా టీఏ. లెక్కలో కనిపించనిది ఆ మనిషే.

హెల్త్ డేటా కోర్సులో ఈ కొలువు మరీ రంజుగా ఉంటుంది. అక్కడ తరచుగా వాడే మిమిక్-3 డేటాలో బోస్టన్‌లోని ఒక పెద్దాసుపత్రి ఐసీయూల్లో 2001, 2012 మధ్య చేరిన రోగుల రికార్డులుంటాయి. రోగి ఎవరో పోల్చుకోకుండా తేదీలన్నిటినీ 2100 అవతలికి జరిపారు. 89 దాటిన వృద్ధుల పుట్టినరోజును ఎంత వెనక్కి నెట్టారంటే, లెక్క కడితే వాళ్ల వయసు 300 ఏళ్లు వస్తుంది. ఈ సంగతి డేటాతో ఇచ్చిన వివరణలో ఉంది. వివరణ చదివే అలవాటు మాత్రం ఏ సెమిస్టరులోనూ ఉండదు. గడువు రాత్రి సందేహాలు మొదలవుతాయి: సగటు వయసు ఇలా వచ్చిందేమిటండీ? ఇంకొకరు టైప్-2 మధుమేహానికి రోగాల కోడ్ల పట్టిక ఐసీడీ-10లోని E11 పట్టుకుని వెతుకుతారు. ఒక్క రోగీ దొరకడు. అమెరికా ఆసుపత్రులు ఐసీడీ-10కు మారింది 2015 అక్టోబరులో. ఈ రికార్డుల్లో ఉన్నది అంతకుముందరి కోడు 250. బోస్టన్‌లో షుగరు వ్యాధే లేదని రిపోర్టు రాకముందే టీఏ అడ్డుపడాలి. ఈలోగా మరొకరు రోగుల వరుసలను కోర్సు చర్చావేదికలో అందరికీ కనిపించేలా అతికిస్తారు. శిక్షణ పూర్తిచేసి, ఆ డేటా ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం పెట్టినవారే!

ఇవన్నీ యంత్రం చూసుకుంటుంది కదా అంటారు. 2016లో అదే జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ తన కృత్రిమ మేధ కోర్సుకు జిల్ వాట్సన్ అనే ప్రోగ్రామును టీఏగా పెట్టారు. సెమిస్టరు చివరిదాకా విద్యార్థులకు ఆ సంగతి తెలియదు. పత్రికలు ఊరూరా చాటింపు వేశాయి. జిల్ పక్కన మరో ఎనిమిది మంది టీఏలు మనుషులేనన్న ముక్క ఆ చాటింపులో ఎవరికి వినపడింది? సొమ్మొకడిది, సోకొకడిది.

ఇంతకీ టీఏ ఉద్యోగా, విద్యార్థా? ప్రైవేటు విశ్వవిద్యాలయాల విషయంలో అమెరికా కార్మిక సంబంధాల బోర్డు 2000లో ఉద్యోగి అంది, 2004లో కాదంది, 2016లో మళ్లీ అవునంది. ఒకే రోగికి మూడు లేబుళ్లు పెట్టిన విద్యార్థికి హెల్త్ డేటా కోర్సులో మార్కులు కోస్తారు.

ఈ కోర్సుల్లో చెప్పదగ్గ గొప్ప పాఠం ఒకటుంది. అమెరికాలో విస్తృతంగా వాడిన ఒక అల్గారిథం రోగి అవసరాన్ని వైద్యానికైన ఖర్చుతో కొలిచిందనీ, అందుకే తక్కువ ఖర్చయిన నల్లజాతి రోగులు ఉన్నదానికంటే ఆరోగ్యవంతులుగా తేలారనీ 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన బయటపెట్టింది. డబ్బుతో అవసరాన్ని కొలవొద్దని నేర్పేవారు టీఏ పనిని కొలిచేది దేనితో? జీతమిచ్చే గంటలతో. ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లో పనిచేసే పిల్లలకు చదువు సాగుతున్నప్పుడు వారానికి 20 గంటలే గరిష్ఠం. టీఏ దొరికితే ఫీజు గండం గట్టెక్కుతుందని విమానమెక్కిన తెలుగు పిల్లలు ఎందరో ఈ వరుసలోనే ఉన్నారు. దిద్దాల్సినవి మిగిలితే 21వ గంట కూడా పడుతుంది. కాగితం మీద మాత్రం ఆ గంట పుట్టదు.

కాబట్టి అయ్యలారా, ఇకపై ప్రకటనల్లో విద్యార్థుల సంఖ్య వేసేటప్పుడు పక్కనే టీఏల సంఖ్య, వాళ్లకు నిజంగా పట్టిన గంటలు కూడా వేయండి. ఖాళీ గడిని సున్నాగా లెక్కేయకూడదని పిల్లలకు నేర్పేది మీరే.