రెండు కామాల నడుమ

వాడుకరి ఏమీ చెప్పనప్పుడు అతని తరఫున సాఫ్ట్‌వేరే ఎంచుకొనే విలువను డిఫాల్టు అంటారు. ఒకరు రాసిన మార్పును ఆమోదానికి ముందు మరొకరు పరిశీలించే పద్ధతి కోడ్ రివ్యూ. వెయ్యి వరుసల మార్పును "బాగుంది" అన్న ఒక్క ముక్కతో దాటించే సమీక్షకుడే, డిఫాల్టులో నాలుగక్షరాలు మారుస్తామనగానే నడుం బిగించి రంగంలోకి దిగడం ఈ పద్ధతిలోని విశేషం.

బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, ఫైళ్లను వెతికే 'ఫైండ్' ఆదేశం 'పాత్' అనే సెట్టింగును చూసుకొని నడుస్తుంది. యూనిక్స్ యంత్రాలలో దాని డిఫాల్టు ఒక చుక్క, ఒక కామా, '/యూఎస్ఆర్/ఇంక్లూడ్', ఆపైన రెండు కామాలు. చుక్క అంటే తెరిచి ఉన్న ఫైలు ఉండే డైరెక్టరీ. మధ్యది సీ భాషకు చెందిన హెడర్ ఫైళ్ల నివాసం. చివరి రెండు కామాల నడుమ ఏమీ లేకపోవడమే ప్రస్తుత డైరెక్టరీకి గుర్తు. దీనిని అచ్చుతప్పుగా భావించి శ్రద్ధాళువైన సమీక్షకుడెవరైనా చివరి కామాను కొట్టివేస్తే, వాడుకరి పనిచేస్తున్న చోటే వెతుకులాటలోంచి తప్పుకుంటుంది, పైగా యంత్రం కిక్కురుమనదు.

వివాదమంతా ఆ మధ్యదాని గురించే. సీ భాష రాయనివారికి అదెందుకని మార్పు కోరేవారు అడుగుతారు. హెడర్ ఫైళ్లున్న యంత్రంలో 'ఫైండ్' తరువాత 'ఎస్' కొట్టి ట్యాబ్ నొక్కితే, సంక్రాంతి వ్యాసం ఫైలుతోపాటు సిగ్నల్ డాట్ హెచ్, స్ట్రింగ్ డాట్ హెచ్, ఇంజినీరింగ్ విద్యార్థులు స్టూడియో డాట్ హెచ్ అని పిలుచుకొనే స్టడ్ ఐఓ డాట్ హెచ్ పిలవని పేరంటానికి వచ్చినట్లు బారులు తీరుతాయి. వద్దనేవారిది మరో కష్టం: హెడర్ పేరు మీద కర్సర్ నిలిపి 'జీ', 'ఎఫ్' మీటలు నొక్కగానే ఆ ఫైలు తెరుచుకోవడం వారికి ఊపిరి పీల్చుకొన్నంత అలవాటు, పీల్చే గాలికి సెట్టింగు రాసుకోమంటే ఎవరికైనా కోపం రావడం న్యాయమే. నిజానికి ఇరువర్గాలవారూ తమ సెట్టింగులను ఎన్నడో మార్చుకొని ఉంటారు కనుక, ఈ పోరాటమంతా ఆ గదిలో లేని కొత్త వాడుకరి పేరిట సాగుతుంది. అతణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

2014లో విమ్ నుంచి చీలి మొదలైన నియోవిమ్ మధ్యదానిని తొలగించి, కావలసినవారు భాషను బట్టి అమలయ్యే ఫైల్‌టైప్ ప్లగిన్లలో చేర్చుకోవచ్చని తేల్చింది. విమ్ దానిని ఉంచుకొంది. ఉపడైరెక్టరీలన్నిటినీ గాలించే జంట నక్షత్రాలను సైతం డిఫాల్టులో చేర్చాలనే ఉత్సాహవంతుడు ఎక్కడైనా తగులుతాడు. అయితే సంఖ్య ఇవ్వకపోతే ఆ నక్షత్రాలు 30 అంతస్తుల లోతుకు దిగుతాయి కనుక, హోమ్ డైరెక్టరీలో నిలబడి వాటిని ప్రయోగించినవాడు కాఫీ కలుపుకొని రావచ్చు.

చివరకు 2024లో విమ్‌లో 'ఫైండ్‌ఫంక్' అనే సెట్టింగు వచ్చింది. ఎక్కడ, ఎలా వెతకాలో వాడుకరే ఒక ఫంక్షన్‌గా రాసి అందులో పెట్టుకోవచ్చు. దాని డిఫాల్టు ఖాళీ. కామాలు కూడా లేవు.