పంచాంగం చూసి బోటెక్కండి

కాకినాడ తీరాన సముద్రపు పక్షుల్నీ తాబేళ్లనీ డాల్ఫిన్లనీ చూద్దామని బోటెక్కేవాళ్ల కోసం ఈ చిట్కాలు. మామూలుగా జనం చెప్పేదానికి ఇవి ఎదురుగా ఉంటాయి. అయినా ఉన్నవి ఉన్నట్టుగా పాటించండి.

పక్షుల కోసమని తెల్లవారుజామునే లేవకండి. ఆ మాట అడవి పిట్టలకి చెల్లుతుంది. బురదలో మేసే పిట్టలకి పొద్దుతో పనిలేదు, పోటూ పాటూ ముఖ్యం. నీళ్లు తీసిన వేళ హోప్ ఐలాండ్‌కి లోపలివైపు, కుంభాభిషేకం అనే చోట, బురద చాలా దూరం బయటపడుతుంది. ఉల్లంకి పిట్టలు దానంతటా చెదిరిపోయి మేస్తుంటాయి, కంటికి ఆనవు. మీ బోటేమో ఆ దరిదాపులకి కూడా పోలేదు. పోటు మొదలయ్యాక ఆట మారుతుంది. నీరు ఎక్కేకొద్దీ మేత నేల తగ్గుతుంది, వేల పిట్టలు మిగిలిన మేటల మీదికి చేరతాయి. చూడాల్సింది ఆ రెండు గంటలే. అవి పొద్దున్నే రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు. ఇవాళ వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

కాబట్టి సెలవు రోజు చూసి కాదు, పంచాంగం చూసి తేదీ ఖాయం చేసుకోండి. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రులిద్దరూ ఒకే వరసలో లాగుతారు గనక పోటు పెద్దది, పాటూ పెద్దదే. అష్టమి నాటికి రెండూ చిన్నబోతాయి. వేటకి వెళ్లేవాళ్లు తిథి చెప్పగానే నీరు ఎంత ఎక్కుతుందో చెప్పేస్తారు. పోటు ఏ గంటకో చెప్పే పట్టికలు ఫోన్‌లో దొరుకుతాయి. తిథి, పట్టిక రెండూ కలిపి చూసుకుంటే చాలు. చలికాలం రావాల్సిన పక్షులు దసరా నాటికే దిగుతాయి, ఉగాది దాకా ఉంటాయి.

పెద్ద బైనాక్యులర్ కొనకండి. పన్నెండు రెట్లు, పదహారు రెట్లు అని దుకాణంలో గొప్పగా చూపిస్తారు. బోటు ఊగుతుంటే ఆ ఊపునూ, మీ చేతి వణుకునూ కూడా అది అన్ని రెట్లు పెంచి చూపిస్తుంది. ఎనిమిది రెట్లది చాలు, ఏడు రెట్లదైతే ఇంకా మంచిది. ఓడల మీద పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నది ఏడు రెట్లదే. స్టాండు మీద పెట్టే స్కోపు అసలు తేవద్దు.

ఖాళీ కడుపుతో ఎక్కకండి. వాంతి అవుతుందన్న భయంతో చాలామంది పస్తుండి వస్తారు, అలా వచ్చినవాళ్లకే ముందుగా తిప్పుతుంది. రెండు ఇడ్లీలు తినండి, మాత్ర వేసుకునేవాళ్లు ఎక్కడానికి గంట ముందే వేసుకోండి. నీడ ఉందని గదిలో దూరకుండా బోటు నడిమిభాగంలో గాలి తగిలే చోట కూర్చుని, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతని చూడండి.

ఇప్పుడు అసలు మాట. దగ్గరికి పోకండి.

బురద మీద నిలబడ్డ గ్రేట్ నాట్ గుంపు పక్కకి బోటు పోనిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ పక్షి గుడ్లు పెట్టేది ఈశాన్య సైబీరియా కొండల మీద. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వంతా ఇక్కడి బురదలోని గుల్లలూ చిప్పలూ తినే కూడబెట్టాలి. మీరు ఒకసారి లేపితే కొంత ఖర్చయిపోతుంది. పోటు దిగేలోపు నాలుగు బోట్లు నాలుగుసార్లు లేపితే? ఈ జాతి ఇప్పటికే అంతరించే ప్రమాదంలో ఉంది. ఆసియా తూర్పు తీరం మీదుగా వెళ్లేవాటికి పసుపు సముద్రం ఒడ్డున దిగి మేసే బురద నేలలు ఉండేవి. వాటిని పూడ్చుకుంటూ పోయారు. దక్షిణ కొరియాలో సెమాన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రాన్ని బయటికి నెట్టేశారు. అక్కడ జరిగినదాన్ని మనం ఆపలేం. కాకినాడ బురద మీద అర కిలోమీటరు ఎడంగా ఆగడం మాత్రం మన చేతిలో పనే.

స్కిమ్మర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండే పక్షి అది. నోరు తెరిచి, కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంది, చేప తగలగానే మూసేస్తుంది. చంబల్ లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి గోదావరి మొగలకి వస్తుంది. పగటిపూట మేట మీద ఊరికే నిలబడి ఉంటుంది. ఏమీ చెయ్యడం లేదు కదా అని మన వాళ్లు చప్పట్లు కొట్టి లేపి, ఎగిరే ఫొటో తీసుకుంటారు. అది వేటాడేది ఎక్కువగా సందె వేళా రాత్రీ. మీరు చూస్తున్నది దాని నిద్రవేళ. ఎగిరే ఫొటో లేకుండానే తిరిగి రండి.

డాల్ఫిన్లు చూపిస్తామని మాటిచ్చే బోటు ఎక్కకండి. చిలికాలో సాతపడా దగ్గరికి మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు. అక్కడుండేవి ఇరవాడి డాల్ఫిన్లు. ముట్టె ఉండదు, గుండ్రటి తల. సినిమాల్లోలా గాల్లోకి గెంతడం వాటి పద్ధతి కాదు. ఊపిరికి పైకొచ్చి, నుదురూ చిన్న వీపు రెక్కా చూపించి మునిగిపోతాయి. అంతే చూడ్డానికి ఉండేది. ఆ అంతే కోసం పది బోట్లు మోటార్లు మోగిస్తూ వెంటబడతాయి. మసక నీళ్లలో డాల్ఫిన్ దారి వెతుక్కునేదీ, మేత పట్టేదీ చెవితో. ఆ చెవినే మనం మూసేస్తున్నాం. మోటారు రెక్క తగిలి గాయపడ్డవీ, చచ్చిపోయినవీ ఉన్నాయి. సరంగును తిట్టి లాభం లేదు, దగ్గరికి పోనిస్తేనే చేతిలో నోటు పడుతుందని అతనికి నేర్పింది ఎక్కినవాళ్లే. రేటు ముందే మాట్లాడుకోండి, కనపడినా కనపడకపోయినా ఒకటే అనండి. నీళ్లలో వీపు కనపడగానే "బాబాయ్, ఇక్కడే మోటారు ఆపేద్దాం, పావుగంట ఊరికే ఉందాం" అనండి. బక్షీసు ఇవ్వదలిస్తే ఆ పావుగంటకి ఇవ్వండి. ఆగిన బోటు పక్కకి అవే రావచ్చు, రాకపోవచ్చు. వెంటబడ్డ బోటుకి మాత్రం దొరికేది తోక వైపే.

నడిసముద్రంలో తిరిగే పక్షుల్ని చూడాలనుకుంటే బోటు ఎక్కనే వద్దు. సూటీ టెర్న్ గూడు కట్టే వయసొచ్చేదాకా ఏళ్ల తరబడి నేల మీద వాలకుండా గడిపే పక్షి. మీ మూడు గంటల షికారు దాని దగ్గరికి చేరదు. దాన్ని ఒడ్డుకి తెచ్చేది తుఫాను. హెచ్చరికలు ఎత్తేశాక, సముద్రం నెమ్మదించాక, మన తీరపు ఇసుకలోనూ లోపలి ఊళ్ల చెరువుల్లోనూ వెతకండి. అలసి పడిపోయిన పక్షి దొరికితే సముద్రపు పిట్టే కదా అని తిరిగి నీళ్లలోకి విసరకండి. అది చేసేవాళ్లు మంచి మనసుతోనే చేస్తారు, పక్షి మాత్రం మునిగి చస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి చీకట్లో ఉంచండి, నోట్లో నీళ్లు పొయ్యకండి, అటవీశాఖకి కబురు చెయ్యండి.

తాబేళ్ల కోసం రాత్రి బీచికి వెళ్లకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా హోప్ ఐలాండ్ మీదా, గోదావరి మొగల ఇసుకలోనూ ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెడతాయి. ఎక్కి వస్తున్న తల్లి టార్చి వెలుగు చూస్తే వెనుదిరిగిపోతుంది. పిల్లలు వెలుగున్న వైపే నడుస్తాయి గనక దారి తప్పుతాయి. జాలిపడి వాటిని చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వదలడం కూడా వద్దు, ఇసుక మీద ఆ నడక వాటిదే. పగటి బోటు నుంచి చూడండి చాలు. నీటి మీద తేలే కొబ్బరికాయలాంటిది కనపడి, ఒక్కసారి గాలి పీల్చి మాయమైతే అదే తాబేలు తల.

వాటికన్నా ముందు చచ్చిన తాబేళ్లని చూడమంటాను. షికారుకొచ్చి శవాల్ని చూడడమేమిటని ముఖం తిప్పుకోకండి. తాబేలు గాలి పీల్చే జంతువు. ట్రాలు వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వల గొంతులో ఏటవాలుగా ఒక ఊచల చట్రం బిగిస్తే రొయ్యలు ఊచల మధ్యనుంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపు తోసుకుని బయటపడుతుంది. కొన్ని చేపలు కూడా జారిపోతాయి. బిగించడానికి ఇష్టపడనివాళ్ల బాధ అదీ, వాళ్లతో మాట్లాడాల్సిందీ దాని గురించే. ఒడ్డున కళేబరం కనపడితే ముట్టుకోకుండా ఫొటో తియ్యండి, చోటూ తేదీ రాసుకోండి, పక్కన చెప్పు పెట్టి డిప్ప పొడవు తెలిసేలా చూడండి. అటవీశాఖకి పంపండి. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు అది, దాని చావు లెక్కలోకి రావాలి.

ఆఖరుగా, చూసినవే కాదు, ఏమీ కనపడని గంటని కూడా రాయండి. ఎన్నింటికి బయల్దేరారు, ఎక్కడ ఆగారు, ఏ పోటు, ఎంతసేపు, ఏవేవి, ఎన్ని. ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో గుర్తుపట్టిన పక్షులన్నీ రాశామని ఒప్పుకుంటూ జాబితా పెడితే, అందులో లేని పక్షి కనపడలేదని కూడా తెలుస్తుంది. ఏ జాతి తగ్గిపోతోందో తేల్చడానికి అదే ఆధారం. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 30,000 మందికి పైగా మామూలు మనుషులు రాసిన జాబితాల మీద నిలబడింది. స్కిమ్మర్లు లేని మేట పేరు రాయడానికి సిగ్గుపడొద్దు. ఇంటికెళ్లాక రాద్దామనుకోకుండా బోటులోనే రాసేయండి, పెన్సిలుతో. ఉప్పునీళ్లు పడితే సిరా పోతుంది.