తలుపులు బార్లా తెరిచిన హెడ్డుగారు

కంపెనీకి 40 ఏళ్లు దాటి, చైర్మన్‌గారి అబ్బాయి అమెరికాలో ఎంబీయే ముగించుకుని వచ్చాక ఆఫీసులో ఒక కొత్త కుర్చీ పుడుతుంది. దాని పేరు 'హెడ్, ఓపెన్ ఇన్నోవేషన్'. కుర్చీ కొత్తదే గాని అందులో కూర్చునే మనిషి పాతవాడే. క్వాలిటీలోనో సేల్స్‌లోనో ఇరవై ఏళ్లు నలిగి, ఇటు డైరెక్టరూ కాలేక అటు రిటైరూ కాలేక ఉన్న పెద్దమనిషిని పట్టుకుని, "మీకు బయట అందరూ తెలుసు కదా అంకుల్" అని చిన్నబాబు ఆ కుర్చీ కట్టబెట్టేస్తాడు.

సిద్ధాంతం మంచిదే. పనికొచ్చే ఆలోచనలన్నీ మన కాంపౌండు గోడ లోపలే పుట్టాలని రూలేం లేదు, స్టార్టప్పుల్నీ యూనివర్సిటీల్నీ బయటి బుర్రల్నీ కలుపుకుపోవాలి అని. హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికా ప్రొఫెసరు 2003లో దీని మీద పుస్తకం రాశాడు. ఆ పుస్తకం మన హెడ్డుగారి బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది, వచ్చినవాళ్లకు అట్ట కనబడేలా తిరిగి.

మొదటి వారం ఆయన మెడలో టై పోతుంది. రెండో వారం చొక్కా పోయి గుండ్రటి మెడ టీషర్టు వస్తుంది. కోటు మాత్రం ఉంచుకుంటారు, బోర్డు మీటింగులుంటాయి కాబట్టి. కాళ్లకు తెల్లటి బూట్లు. "ఏమండీ, ఆఫీసుకా, వాకింగుకా?" అని ఇంట్లో అడిగితే, "ఇదంతా మైండ్‌సెట్ చేంజ్, నీకు తెలీదులే" అని కారెక్కుతారు. సదస్సుల్లో మెడకు వేసే బ్యాడ్జీల తాళ్లన్నీ పడగ్గది బీరువా పిడికి వేలాడుతుంటాయి. బీరువా తెరిచినప్పుడల్లా మూడు రంగుల ఎకోసిస్టమ్ కింద పడుతుంది.

ఆఫీసు మూడో అంతస్తులో పాత రికార్డు రూము ఖాళీ చేయించి 'ఇన్నోవేషన్ గ్యారేజ్' పెట్టించారు. కుర్చీలు తీసేసి బీన్ బ్యాగులు వేయించారు. ప్రారంభోత్సవం నాడు ఫైనాన్స్ డైరెక్టరుగారు మొహమాటానికి ఒకదాంట్లో కూర్చున్నారు. లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆ గదికి రాలేదు. ఆయన రాలేదు కాబట్టి బడ్జెట్టూ రాలేదు.

హైదరాబాదులో ఈ కుర్చీకి గిరాకీ పెరగడానికి కారణముంది. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలో దాదాపు 5.8 లక్షల చదరపుటడుగుల సొంత భవనంలోకి మారింది. అంత చోట అన్ని స్టార్టప్పులు ఉన్నాక, వాటిని చూడ్డానికి వెళ్లే మనిషి ఒకడు ప్రతి కంపెనీకీ కావాలి కదా. కుర్రాళ్లు తమ సరుకు గురించి చెప్పుకునే డెమో డే ఎక్కడ జరిగినా ముందు వరసలో మన హెడ్డుగారుంటారు. ఒక్కో బృందానికి ఐదేసి నిమిషాలు. పొలానికి డ్రోనైనా, ఆస్పత్రికి యాప్ అయినా, మురుగునీళ్లకు సెన్సారైనా ఆయన ప్రశ్న ఒక్కటే: "దీని స్కేలబిలిటీ ఏంటి బ్రదర్?" జవాబు సగంలో ఉండగానే ఫోన్ చూసుకుంటారు. ఆఖర్న మాత్రం మనస్ఫూర్తిగా, "మా కంపెనీ డీఎన్‌ఏకి చాలా దగ్గరగా ఉంది" అంటారు. ఇదే మాట డ్రోనుకీ అన్నారు, మురుగునీళ్లకీ అన్నారు.

టీ విరామంలో కార్డులు చేతులు మారతాయి. సాయంత్రానికి లింక్డిన్‌లో ఫొటో. వారానికి ఎంవోయూ. ఇద్దరు చెరో చివర పట్టుకున్న నీలం ఫోల్డరు, మధ్యలో చిన్నబాబు, వెనక పూలకుండీ. లోపలి కాగితాలు నేనొకసారి చదివాను. ఈ ఒప్పందం వల్ల ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ పడరని నాలుగు పేజీల్లో, మంచి ఇంగ్లీషులో రాసి ఉంది.

ఈ మనిషిలో కుర్రాళ్లని నిలువునా ముంచేది ఆయన మంచితనమే. నోట 'కుదరదు' అన్న మాట రాదు. "వెరీ ఎక్సైటింగ్" అంటారు. "నన్ను లూప్‌లో ఉంచండి" అంటారు. "నెక్స్ట్ క్వార్టర్‌లో గట్టిగా కూర్చుందాం" అంటారు. పెళ్లిచూపులకొచ్చి, స్వీటూ హాటూ కానిచ్చి, అమ్మాయి చేత పాట కూడా పాడించుకుని, 'ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం' అని లేచే పెద్దల బాపతు. పెద్ద కంపెనీకి ఆర్నెల్లంటే రెండు రివ్యూ మీటింగుల మధ్య విరామం. బ్యాంకులో ఐదు నెలల జీతాలకు మాత్రమే డబ్బున్న ముగ్గురు కుర్రాళ్లకు ఆర్నెల్లంటే ఆయుర్దాయం కంటే ఒక నెల ఎక్కువ. మొదటి రోజే 'వద్దు బాబూ' అని ఉంటే ఆ పూటే ఇంకో గుమ్మం ఎక్కేవాళ్లు.

ఉపన్యాసాలకు హెడ్డుగారి దగ్గర రెండు కథలున్నాయి. మొదటిది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కథ. 2000లో ఏ.జి. లాఫ్లీ పగ్గాలు పట్టాక, కొత్త సరుకుల్లో సగానికి మూలం బయటి నుంచి రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. అప్పట్లో ప్రింగిల్స్ చిప్స్ వాళ్లవే. చిప్స్ మీద బొమ్మలూ చిన్నచిన్న ప్రశ్నలూ అచ్చువేస్తే ఎలా ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది. ల్యాబులో ఓనమాల నుంచి మొదలెట్టకుండా ప్రపంచమంతా ఆరా తీశారు. ఇటలీ బొలోన్యాలో ఒక చిన్న బేకరీ దొరికింది. దాన్ని నడిపే యూనివర్సిటీ ప్రొఫెసరు కేకుల మీద తినగలిగే సిరాతో బొమ్మలు అచ్చువేసే పద్ధతి అప్పటికే కనిపెట్టి ఉన్నాడు. ఈ ఘట్టం దగ్గర హెడ్డుగారు జేబులోంచి నిజం చిప్ ఒకటి తీసి సభకు చూపిస్తారు. చప్పట్లు. ఆయన కథ అక్కడితో సరి. అసలు కథలో ఆ కంపెనీ ఆ పద్ధతిని తెచ్చుకుని, తన యంత్రాలకు తగ్గట్టు మార్చుకుని, ఏడాది తిరక్కుండా, 2004కల్లా చిప్స్ డబ్బాల్ని కొట్లలో పెట్టింది. బేకరీవాడితో సెల్ఫీ దిగి ఊరుకోలేదు.

రెండోది మన ఊరి కథ. కోవిడ్ కాలంలో 1953 నాటి బయలాజికల్ ఇ కంపెనీ, హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు తయారుచేసిన ప్రొటీన్ సాంకేతికత తీసుకుని కోర్బెవ్యాక్స్ టీకా చేసింది. 2021 డిసెంబరులో దానికి అత్యవసర అనుమతి వచ్చింది. "చూశారా! వాళ్ల బుర్ర, మన బలం!" అని హెడ్డుగారు బల్ల చరుస్తారు. నిజమే. కాకపోతే అదే ఏడాది జూన్‌లో, టీకాకి ఇంకా అనుమతి రాకముందే, 30 కోట్ల డోసులు తమకు అట్టేపెట్టమని కేంద్రం 1,500 కోట్ల రూపాయలు అడ్వాన్సు ప్రకటించింది. ఆ ముక్క ఆయన స్లయిడ్లలో లేదు. ఉంటే వెనక వరసలోంచి ఏ కుర్రాడో లేచి, "మరి మాకు అడ్వాన్సు, సర్?" అంటాడు.

నన్నడిగితే ఈ వ్యవహారానికి తలాతోకా సరిగ్గా పెట్టింది బీఎండబ్ల్యూవాళ్లు. 2015లో 'స్టార్టప్ గ్యారేజ్' అని మొదలెట్టారు. మీ కంపెనీలో మాకు వాటా వద్దు, మీకు కప్పులూ షీల్డులూ ఇవ్వం, ముందు మీ సరుకు డబ్బిచ్చి కొని వాడి చూస్తాం అన్నారు. అందులో ఉపన్యాసానికి పనికొచ్చే మలుపేమీ లేదు కాబట్టి హెడ్డుగారు దాని జోలికి వెళ్లరు.

ఇంతకీ ఆయన చేతిలో ఏముంది? అసలు సంగతి పటాన్‌చెరు ప్లాంటులో బయటపడింది. ఇద్దరు కుర్రాళ్లు ఒక డబ్బా పట్టుకొచ్చారు. కంప్రెసర్ నుంచి యంత్రాలకు గాలి తీసుకెళ్లే గొట్టాలు ఎక్కడ లీకవుతున్నాయో పసిగట్టే డబ్బా. గాలి ఉచితమేగాని దాన్ని నొక్కే కరెంటు ఉచితం కాదు. ఫ్యాక్టరీల్లో నొక్కిన గాలిలో ఐదో వంతు, ఒక్కోచోట దాదాపు మూడో వంతు ఇలా చిల్లుల్లోంచే పోతుందని ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు. యంత్రాల హోరులో ఆ 'స్స్' మన చెవికి అందదు. మన చెవి పట్టని పైస్థాయి శబ్దాన్ని ఈ డబ్బా పట్టుకుని, ఫోన్ తెర మీద చోటు చూపిస్తుంది.

మెయింటెనెన్స్ ఫోర్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాతికేళ్లుగా ఆయన పద్ధతి సబ్బునీళ్లు: గొట్టం కీళ్లకు కుంచెతో పూయడం, బుడగలొస్తే లీకని రాసుకోవడం. డబ్బా ఒక కీలు చూపించింది. ఫోర్‌మన్ మాట్లాడకుండా మగ్గు తెచ్చి సబ్బునీళ్లు పూశాడు. బుడగలొచ్చాయి. రెండోది, స్తంభం వెనక, నిచ్చెన వేస్తే తప్ప అందనిది చూపించింది. నిచ్చెనెక్కి పూశాడు. బుడగలు. మూడోది చూపించేసరికి మగ్గు కింద పెట్టి, "దీనికక్కర్లేదులే, తర్వాతది చూపించు" అన్నాడు. కుర్రాళ్లకు తమ జన్మలో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఇంకెవరూ ఇవ్వలేదు.

హెడ్డుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. సక్సెస్‌ఫుల్ పైలట్! ఆర్డరు కోసం స్వయంగా పర్చేజ్ విభాగానికి వెళ్లారు. అక్కడి జీఎంగారు ఒక ఫారం బల్ల మీదికి తోశారు. 3 ఏళ్ల ఆడిటెడ్ బ్యాలెన్సు షీట్లు. ఇదే పని చేయించుకున్న 3 పెద్ద కంపెనీల నుంచి ఉత్తరాలు. 5 కోట్ల టర్నోవరు. బ్యాంకు గ్యారంటీ.

"వాళ్ల కంపెనీ పుట్టి 14 నెలలండీ, మూడేళ్ల లెక్కలెక్కడ తెస్తారు?"

"పెద్దయ్యాక రమ్మనండి గురూగారూ, మనం ఎక్కడికీ పోం."

"గవర్నమెంటే స్టార్టప్పులకి అనుభవం, టర్నోవరు షరతులు సడలించింది. ధరావత్తు కూడా అడగట్లేదు."

"వాళ్లది ప్రజల సొమ్మండీ. మనది చైర్మన్‌గారిది."

చెల్లింపు గడువు 90 రోజులని ఫారం కిందే అచ్చువేసి ఉంది. చిన్న సంస్థల బిల్లు 45 రోజుల్లోపు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతుంది. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను లెక్కల్లోనూ, గడువు దాటిన బిల్లుని నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపించుకోవాలి. హెడ్డుగారు ఈ సంగతి గుర్తుచేశారు. జీఎంగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అందుకే కదండీ, మేం చిన్నవాళ్లతో పెట్టుకోం" అన్నారు.

హెడ్డుగారిని ఆడిపోసుకోవడం తేలికే గాని, ఆయన గోడూ వినాలి. ఏడాది చివర ఆయన పనిని లెక్కగట్టేది ఎన్ని స్టార్టప్పులతో మాట్లాడారు, ఎన్ని ఎంవోయూలు, ఎన్ని పైలట్లు అనే. ఎన్ని కొన్నారు అనే గడి ఆ పట్టికలో లేదు. ఫోల్డరు పట్టుకుని సంతకం పెట్టే అధికారమే తప్ప ఐదు లక్షల ఆర్డరు మీద సంతకం పెట్టే అధికారం ఆయనకు లేదు. కింద మన ఆర్ అండ్ డీవాళ్లు, బయటి సరుకనేసరికి, "ఇదెప్పుడో 2011లోనే మేం చేశాం సార్, ఫైల్లో ఉంది" అంటారు. పైన చిన్నబాబు, "అంకుల్, మన యూనికార్న్ ఏది?" అంటాడు. వీళ్ల మధ్య తెల్లబూట్లతో తిరుగుతూ, డబ్బా కుర్రాళ్ల కోసం రాత్రిళ్లు వేరే కంపెనీల్లోని స్నేహితులకు తనే ఫోన్లు చేసిన సంగతి నాకు తెలుసు. మనిషిలో దోషం లేదు. కుర్చీకే ఒక కాలు పెట్టడం మరిచిపోయారు.

డబ్బా చివరికి కొన్నది ఫోర్‌మన్. ప్లాంటు మేనేజరు సంతకంతో, లోకల్ పర్చేజ్ కింద, గ్యాస్కెట్లకీ గ్రీజుకీ మధ్య ఒక వరసలో రాయించాడు. బిల్లు పదో రోజున పాసైంది. కార్పొరేట్ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే కమిటీ వేస్తారని ఆయన భయం.

కరెంటు బిల్లు తగ్గాక సంగతి ఎలాగూ పైకి పొక్కింది. ఆ ఏడాది ఇన్నోవేషన్ డే నాడు హెడ్డుగారి మొదటి స్లయిడే ఆ డబ్బా. కింద 'కో-క్రియేషన్ జర్నీ' అని బాణం గుర్తులు. ఫోర్‌మన్‌ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చారు. నాలుగు ముక్కలు మాట్లాడమంటే మైకు చూసి జంకి దిగిపోయాడు.

భోజనాల దగ్గర మాత్రం, ప్లేటు పట్టుకుని, శాలువా జారకుండా గడ్డంతో అదిమిపట్టి హెడ్డుగారి పక్కకు చేరాడు.

"సార్, ఆ పిల్లల దగ్గర ఇంకో మూడు డబ్బాలు తీసుకుందాం సార్. రెండో యూనిట్లో కంప్రెసర్లు బుస్సుమంటున్నాయి. నా లిమిటు అయిపోయింది."

హెడ్డుగారి ముఖం వెలిగిపోయింది. గులాబ్ జామూన్ చెంచా ప్లేటులో పెట్టేసి, ఆయన భుజం తట్టారు.

"ఎక్సలెంట్! వచ్చే నెల దీని మీదే నేషనల్ లెవెల్ చాలెంజ్ పెడుతున్నాం. వాళ్లని కూడా అప్లై చేసుకోమనండి. గడువు 15వ తారీఖు."