పదును నిలపడం తెలిసి కూడా

నేను పెంచుకుందామని తెచ్చిన ఒక ప్రాణి నా ఇంట్లో ఊపిరాడక చనిపోయింది. దానికి తిండి ఉంది, గిన్నెలో నీళ్ళున్నాయి, కాళ్ళ కింద మెత్తని ఇసుక ఉంది. లేనిదల్లా తేమ ఉన్న గాలి. గాలిలో తేమ గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పే భౌతికశాస్త్రం మాస్టరుని నేను. నేలలో పదును ఎట్లా నిలుస్తుందో చేలో చూసి పెరిగిన వేరుశనగ రైతు కొడుకుని కూడా. ఈ రెండు చదువులూ ఉండి ఆ ప్రాణిని పోగొట్టుకున్నాను. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అది సన్యాసి పీత. నత్త చచ్చాక మిగిలిన గుల్లలో తన మెత్తటి వెనకభాగం దాచుకుని, ఆ గుల్లను మోసుకుంటూ తిరిగే ఎండ్రకాయ. ఈ రకాలలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్ళలోనే బతుకుతాయి. విశాఖలో నీళ్ళు వెనక్కి తీసినప్పుడు రాళ్ళ సందుల్లో చిన్న చిన్న గుల్లలు నడిచిపోతుంటాయే, అవి ఆ కోవలోవే. సీనోబిటా అనే ప్రజాతి మాత్రం నేలకు అలవాటు పడింది. అండమాన్, నికోబార్ దీవుల ఒడ్డున రాత్రిపూట చెట్ల కింద తిరిగేవి ఇవి. పెంపుడు జంతువులు అమ్మే చోట్ల దొరికేవీ ఇవే. బెంగుళూరులో ఒక దుకాణంలో వీటిని చూసి, మా పాప అడిగిందన్న సాకుతో రెండు కొన్నాను. సాకు అని ఎందుకంటున్నానంటే, ఆశ నాది. మా అనంతపురం నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం 250 కిలోమీటర్లకు పైమాటే. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మగా తప్ప దాన్ని చూడలేదు. మా ఇంట్లో ఒక మూల, ఒక గాజుపెట్టెలో, సముద్రపు ఒడ్డు ముక్కంత ఉండాలనిపించింది.

మా జిల్లా ఎట్లాంటిదో కొంచెం చెప్పాలి. పడమటి కనుమల వాననీడలో ఉన్నాం. నైరుతి మేఘాలు ఆ కొండల మీద బరువు దించుకుని తేలికపడి మా మీదుగా వెళ్ళిపోతాయి. బంగాళాఖాతం వాయుగుండాలు ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని మమ్మల్ని చెప్పుకుంటారు. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతానికి కిందికి దిగిపోతుంది. ఉతికిన దుప్పటి దండెం మీద వేసి లోపలికి వచ్చి మళ్ళీ పోయేసరికి ఆరిపోయి ఉంటుంది. కూలర్లు మా దగ్గర అంత చల్లగా పనిచేసేది కూడా గాలి అంత పొడిగా ఉండడం వల్లే.

నేల మీది సన్యాసి పీతకు కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. నేల మీదికి వచ్చినా అది మొప్పలను వదులుకోలేదు. మొప్పల మీద, వాటిని కప్పే గది గోడల మీద తడిపొర ఉన్నంతసేపే గాలిలోని ప్రాణవాయువు దాని ఒంట్లోకి దిగుతుంది. ఆ పొర ఆరితే చుట్టూ ఎంత గాలి ఉన్నా అందదు. అందుకే దానికి 75 నుంచి 85 శాతం దాకా తేమ, 24 నుంచి 29 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. తనకంటూ కొంచెం నీటిని గుల్లలో మోసుకు తిరుగుతుంది. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు రెండూ అందుబాటులో ఉంటే వాటిని తన అవసరానికి తగ్గట్టు కలుపుకుంటుంది. ఇంత నేర్పు ఉన్న ప్రాణి. దానికి కావలసిన గాలి ఇచ్చి ఉంటే చాలు, మిగతాది అదే చూసుకునేది.

నేను పెట్టెకు జాలీ మూత పెట్టాను. గాలి ఆడాలి కదా అనుకున్నాను. కొన్నచోట చెప్పింది కూడా అదే. అయినా అది నాకు సాకు కాదు. గాలి ఆడడం అంటే అనంతపురం గాలి ఆడడం. పొడిగాలి లోపలికి వచ్చి, తడి ఎక్కడుంటే అక్కడ పీల్చుకుని, పైకి పోతుంది. ఆ పోయిన తేమను పూడ్చడానికి సీసాతో నీళ్ళు చిమ్మేవాణ్ణి. బడికి వెళ్ళేముందు, వచ్చాక, పడుకోబోయే ముందు. చిమ్మిన కాసేపు గాజు మీద బిందువులు కనబడేవి, తృప్తిగా ఉండేది. గాలిలో నిలవని ఆ నీళ్ళు ఇసుకలోకి దిగి అడుగున నిలిచాయి. పైన ఎండిన పొర, అడుగున కుళ్ళు వాసన. తేమ మాత్రం ఎక్కడా లేదు.

చలికాలంలో ఇంకో పని చేశాను. డిసెంబరు రాత్రుల్లో మా దగ్గర వేడి 18 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. పీతలకు చలేస్తుందని జాలీ మీద పాతకాలపు బల్బు వేలాడదీశాను. ఇక్కడ నా తప్పు అంకెల్లో చెప్పగలను, ఎందుకంటే ఆ అంకెలు నేను నల్లబల్ల మీద రాసేవే. 18 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 15 గ్రాముల చిల్లర నీటియావిరిని మాత్రమే పట్టుకోగలదు. దాన్నే 28 డిగ్రీలకు వేడి చేస్తే 27 గ్రాములకు చోటు ఏర్పడుతుంది. ఉన్న ఆవిరి అంతే, చోటు పెరిగింది. కాబట్టి 80 శాతంగా ఉన్న సాపేక్ష ఆర్ద్రత 45 దగ్గరికి పడిపోతుంది. చలి తీరుస్తున్నాననుకుంటూ ప్రతి రాత్రీ ఆ చిన్న గదిని ఆరబెట్టాను. పాఠంలో ఈ లెక్క తప్పు చేసిన పిల్లవాడికి మార్కులు కోసేవాణ్ణి నేనే.

పెట్టె లోపల ముల్లు తిరిగే గుండ్రటి చవక ఆర్ద్రతామాపకం ఒకటి పెట్టాను. అది చాలాసార్లు 70 పైనే చూపించేది. దాన్ని పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు. పరీక్ష ఎంత సులువో తర్వాత చేసి చూశాను. వంటింటి ఉప్పులో కొంచెం నీళ్ళు కలిపి ముద్దగా చేసి, దాన్ని, మాపకాన్ని ఒకే డబ్బాలో గట్టిగా మూసిపెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు మీది గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. అది ప్రకృతి ఇచ్చిన కొలమానం. నా మాపకం అక్కడ 90 దాటి చూపించింది. నెలల తరబడి నేను నమ్మిన అంకె నిజం కాదు.

ప్రాణి మాత్రం నిజమే చెబుతూ వచ్చింది. పెద్దది నీళ్ళగిన్నెలో దిగి గంటలకొద్దీ కదలకుండా ఉండేది. నీళ్ళంటే దానికి ఇష్టమని పాపకు చూపించి సంతోషపడ్డాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ గిన్నె ఒక్కటే దానికి ఊపిరి అందే చోటు. కుళాయి నీళ్ళలో క్లోరిన్, బోరు నీళ్ళలో మా నేల ఇచ్చే ఫ్లోరైడు, ఉప్పునీళ్ళ పేరుతో నేను వేసిన వంటింటి అయోడిన్ ఉప్పు, ఈ తప్పులు కూడా ఉన్నాయి. కానీ అవి పక్కవి. ఏప్రిల్‌లో ఒకరోజు అది గుల్లలోంచి సగం బయటికి జారి ఉంది. ముట్టుకుంటే వెనక్కి ముడుచుకోలేదు. పాప ఏడ్చింది. నేను ఏమీ చెప్పలేకపోయాను.

కళ్యాణదుర్గం దగ్గరి మా ఊరి నుంచి నాయన వచ్చింది ఆ తర్వాతే. కుర్చీ లాక్కుని పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు. నేను సీసా తీసుకుని నీళ్ళు చిమ్ముతుంటే అడిగాడు.

"ఎన్నిసార్లు చల్లుతావురా దినానికి?"

"ఆరిపోతా ఉంది నాయనా."

"ఆరిపోకుండా ఏం చేస్తాదిరా? మూతంతా బొక్కలే పెడితివి. పైరులో గుంటక తోలేది కలుపు కోసరం ఒగటే అనుకుంటివా? పైమన్ను గుల్ల చేస్తే కిందుండే పదును గాలికి పోదని తోలేది. నీళ్ళు పోసేదానికి మనకు నీళ్ళు యాడివి? ఉండేది పోకుండా చూసుకోవల్ల."

ఆయన గట్టిగా అనలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. మా చేలలో వేరుశనగ బతికిందంటే ఆ ఒక్క ఎరుక వల్లే. తొలకరికి ఒక మంచి పదును దొరికితే విత్తనం పెట్టి, ఆ తర్వాత వాన మొహం చాటేసిన వారాలన్నీ ఆ తడినే కాపాడుకుంటూ పైరును ఒడ్డుకు చేర్చిన మనిషి ఆయన. ఆ వెనకాలే గుంటక పట్టుకుని నడిచినవాణ్ణి నేను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. చెరువు నిండిన ఏడు, దాని కింద వరి మడి గట్లలో ఎండ్రకాయలు పట్టేవాళ్ళం. ఎండాకాలం చెరువు ఎండితే అవి చచ్చిపోయేవి కావు. తడి తగిలేదాకా గట్టులోకి లోతుగా తవ్వుకుని, బొరియ నోటికి మట్టి అడ్డం పెట్టుకుని, మళ్ళీ నీళ్ళొచ్చేదాకా లోపలే ఉండేవి. మా వరి మడి ఎండ్రకాయ శాస్త్రీయ నామం ఓజియోటెల్ఫూసా సెనెక్స్. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రవేత్తలు దాని శరీరధర్మాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. కరువు సీమలో తేమను ఎట్లా నిలుపుకోవాలో ఆ ఎండ్రకాయకు తెలుసు. నోరు మూసిన బొరియ. నేను చిన్నప్పుడు చెయ్యి పెట్టి చూసిన చల్లదనం అదే.

ఆ సాయంత్రమే జాలీ తీసేసి, గాజు మూత చేయించాను. మూలన గాలి తిరగడానికి సన్నటి సందు. పెన్నా ఇసుకను కడిగి, కొబ్బరి పొట్టుతో కలిపి, గుప్పిట పడితే ముద్దగా నిలిచేంత తడితో జానెడు లోతు నింపాను. చలికాలానికి వెచ్చదనం ఇచ్చే పలుచటి పట్టీని అడుగున కాకుండా వెనక గోడకు, ఇసుక మట్టానికి పైన అంటించాను. వేసవికి పెట్టెను లోపలి గదిలో బండల మీదికి మార్చి, చుట్టూ తడి గోనెసంచి కప్పాను. పరీక్షించి దిద్దుకున్న మాపకం 80 దగ్గర నిలబడింది. సీసాతో చిమ్మాల్సిన అవసరం దాదాపు లేకుండా పోయింది.

ఇంత నేర్చుకున్నాక కూడా ఇంకో మూర్ఖపు పని చేశాను, ఇది తేమ గురించి కాదు. రెండోది ఇసుకలోకి దిగి మాయమైంది. వారాలు గడిచాయి. అదీ పోయిందేమోనన్న భయం తట్టుకోలేక ఒక రాత్రి తవ్వాను. అది పొర విడుస్తోంది. పాత పెంకు పక్కనే ఉంది, కొత్త ఒళ్ళు తెల్లగా, మెత్తగా ఉంది. నా వేలు తగిలి ఒక కాలు ఊడిపోయింది. పొర విడిచే కాలంలో అది ఇసుకలో తనకొక చిన్న గది చేసుకుంటుంది. విడిచిన పెంకునే తిని అందులోని సున్నాన్ని మళ్ళీ ఒంట్లోకి తీసుకుంటుంది. గట్టిపడేదాకా నెలయినా, ఇంకా ఎక్కువైనా పైకి రాదు. ఆ గది కూలగొట్టినవాణ్ణి నేను. వెంటనే కప్పేశాను. అది బతికింది. పోయిన కాలు తర్వాత పొర విడిచినప్పుడు చిన్నగా మళ్ళీ మొలిచింది. నాకు దక్కకూడని క్షమ అది అనిపించింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మాత్రం ఇది. మా మడి ఎండ్రకాయ గుడ్లను, పుట్టిన పిల్లలను కూడా పొట్ట కిందే మోస్తుంది. పెరగడానికి వాటికి సముద్రం అక్కర్లేదు. సన్యాసి పీత అట్లా కాదు. ఎంత దూరం నేల మీద బతికినా, తల్లి గుడ్లు వదలడానికి అలల దగ్గరికి పోవాల్సిందే. పిల్లలు లార్వాలుగా సముద్రంలో తేలుతూ పెరిగి, ఒక చిన్న గుల్ల వెతుక్కుని ఒడ్డుకు ఎక్కుతాయి. ఇంటి పెట్టెల్లో అది జరగడం అతి కష్టం కాబట్టి, అమ్మకానికి వచ్చేవన్నీ దాదాపుగా ఏదో ఒక ఒడ్డున పట్టినవే. ముప్పై ఏళ్ళ దాకా బతకగల ప్రాణులు. నేను డబ్బిచ్చి కొన్నది ఎవరో పెంచిన ప్రాణిని కాదు, ఒక తీరం మీంచి ఎత్తుకొచ్చిన ప్రాణిని. దుకాణంలో రంగులు పూసిన గుల్లలో దాన్ని చూసినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడిగి ఉండాల్సింది.

మిగిలింది ఇప్పుడు ఒంటరిగా ఉంది. ఇవి గుంపుగా బతికే జాతి. ఒకటి కొత్త గుల్లలోకి మారితే దాని పాత గుల్ల కోసం మరొకటి వరస కడుతుంది. తోడు లేకుండా ఉంచడం తప్పు. తోడు కొనడమంటే ఇంకో ఒడ్డు మీంచి ఇంకో ప్రాణిని తెప్పించడం, అది చేయను. తిరిగి సముద్రం దగ్గర వదిలేద్దామంటే, ఏ తీరానిదో తెలియదు, ఇక్కడి జబ్బు ఏదైనా అక్కడికి మోసుకుపోవచ్చు. కాబట్టి వీటిని పెంచుకుంటున్నవాళ్ళ కోసం, విసుగెత్తి వదిలించుకోవాలనుకునే వాళ్ళ కోసం తెలిసినవాళ్ళ ద్వారా బెంగుళూరులో వాకబు చేస్తున్నాను. దొరికితే వాళ్ళది నా దగ్గరికి తెచ్చుకుంటాను, లేదా నాది వాళ్ళకు అప్పజెప్తాను. వెళ్ళి చూసి, ఎవరి పెట్టెలో తేమ బాగా నిలుస్తుంటే వాళ్ళకే.